తుపాకుల ఊళ్ళో అయిదు వారాలు

దూరదేశం వెళ్ళి వచ్చినవాణ్ణి ఇరుగుపొరుగులు అడిగే మొదటి ప్రశ్న "ఏమేం చూశారు?" అని. నయాగరా జలపాతం చూశామనో, న్యూయార్కులో ఆకాశాన్నంటే మేడలు చూశామనో చెబితే అడిగినవాళ్ళకు తృప్తి, చెప్పినవాళ్ళకు గౌరవం. నేను 2023 వేసవిలో అమెరికా వెళ్ళి రెండు నెలలున్నాను. ఉన్నన్నాళ్ళూ ముఖ్యంగా చూసింది మా బావగారి రివాల్వరునూ, ఆ జాతి వస్తువులు పెరిగి పెద్దవైన ఊరునూ. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇదేం పిచ్చి అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, మొదటి వారం.

మా అక్కయ్యా బావగారూ ఉండేది కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ నగరం పక్కన. బావగారికి ఒక పెట్రోలు బంకూ, దాన్ని ఆనుకుని చిన్న కొట్టూ ఉన్నాయి. పాలు, రొట్టె, సిగరెట్లు, లాటరీ టిక్కెట్లు అమ్ముతారు. ఇరవయ్యేళ్ళుగా అదే వ్యాపారం. నేను దిగిన మర్నాడు ఉదయం కాఫీ తాగుతుండగా లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

"తెరిచి చూడవోయ్ మాస్టారూ."

తెరిచాను. నల్లగా నిగనిగలాడుతూ రివాల్వరు. అక్కయ్య గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలోనే ఆవిడ అభిప్రాయం తెలిసిపోయింది.

సంగతేమిటంటే, కిందటి చలికాలంలో ఒక రాత్రి పదకొండు గంటలకు ముసుగు వేసుకున్న కుర్రవాడొకడు కొట్లోకి వచ్చి తుపాకీ చూపించాడు. బావగారు గల్లాపెట్టె తెరిచి ఉన్నదంతా ఇచ్చేశారు. వాడు వెళ్ళిపోయాడు. జరిగింది అంతే. కాని ఆ 'అంతే' బావగారికి నెలరోజులు నిద్ర లేకుండా చేసింది. రాత్రివేళ తలుపుగంట మోగితే చేతులు వణికేవిట. పైగా వారంలో రెండు రాత్రులు మా మేనల్లుడు కూడా కొట్లో కూర్చుంటాడు. చివరికి రివాల్వరు కొందామని నిశ్చయించుకున్నారు.

ఆ రాష్ట్రంలో రివాల్వరు కొనడం మనం సినిమాల్లో చూసినంత సులువు కాదు. ముందు శిక్షణ తరగతికి వెళ్ళాలి. వేలిముద్రలు ఇవ్వాలి. పాత నేరాలేమైనా ఉన్నాయేమో పోలీసులు విచారించి అనుమతి కాగితం ఇవ్వాలి. బావగారు ఇవన్నీ ఓపిగ్గా చేశారు. తీరా దుకాణానికి వెళ్ళాక మాత్రం మెరుపు చూసి మురిసిపోయి, ఇటూ అటూ తిప్పనైనా తిప్పకుండా డబ్బు కట్టి తెచ్చుకున్నారు.

"కొబ్బరికాయ కొన్నా చెవి దగ్గర ఊపి చూస్తాం. మీ బావగారు తుపాకీని మాత్రం పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తలవంచుకుని తీసుకొచ్చారు" అంది అక్కయ్య వంటింట్లోంచి.

ఆ ఆదివారం బావగారు "షూటింగుకి వెళదాం రావోయ్" అంటే సినిమా తీస్తున్నారు కాబోలనుకున్నాను. కాదు, గురి నేర్చుకునే చోటు. ఊరి బయట పొడుగాటి షెడ్డు. చెవులకు డిప్పలు, కళ్ళకు గట్టి అద్దాలు పెట్టుకోనిదే లోపలికి రానివ్వరు. బావగారు ఆరు తూటాలు పెట్టి నుంచున్నారు. నేను కుతూహలం కొద్దీ ఆయన వెనక ఉండవలసినవాణ్ణి కొంచెం పక్కకు జరిగాను.

మొదటిది పేలింది. రెండోది పేలింది, గురిచూసిన చోటుకు జానెడు ఎడమగా తగిలింది. మూడోసారి మీట నొక్కితే 'టిక్' మని చప్పుడు, అంతే. అలాంటప్పుడు వెంటనే తెరిచి చూడకూడదట. తూటా ఆలస్యంగా పేలవచ్చు గనక, గొట్టం గురివైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఆగారు. ఏమీ కాలేదు. నాలుగోది పేలగానే నా మోచేతి దగ్గర సూదితో పొడిచినట్టయింది. చూసుకుంటే ఒక ఎర్రని చుక్క, దాన్లో మినప్పొట్టంత సీసపు తునక.

అక్కడి శిక్షకుడు పరుగున వచ్చి ఇక ఆపమన్నాడు. నా చెయ్యి చూసి, నా కళ్ళద్దాలకేసి చూసి, "ఇవి ఉన్నాయి, నయం" అన్నాడు. ఆ మాట నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం కాళ్ళలో సత్తువ పోయింది.

ఇంటికొచ్చాక అక్కయ్య నా చేతికి పసుపు రాస్తూ, "దొంగకు తగలవలసింది తమ్ముడికి తగిలింది" అంది. బావగారు మాట్లాడలేదు.

మర్నాడు రివాల్వరు తీసుకుని అమ్మిన దుకాణానికే వెళ్ళాం. అక్కడ తుపాకులు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. తెరిచి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మాకూ చూపించి, అప్పుడు పాఠం మొదలుపెట్టాడు. నేను పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను గాని, ఇంత విడమరిచి చెప్పినవాణ్ణి అరుదుగా చూశాను.

రివాల్వరులో తూటాలు పెట్టే భాగం గుండ్రంగా ఉంటుంది. దాన్లో ఆరు గదులు. మీట నొక్కినప్పుడల్లా లోపల వేలులాంటి చిన్న ఇనప ముక్క దాన్ని ఒక గది మేర తిప్పుతుంది. సరిగ్గా గది గొట్టానికి ఎదురుగా రాగానే కింది నుంచి ఒక గడియ లేచి గంటులో పడి, కదలకుండా పట్టేస్తుంది. ఆ తర్వాతే వెనకనున్న సుత్తి తూటాను కొట్టాలి. ఈ వరస తప్పకూడదు. మా రివాల్వరులో ఆ వేలు ముక్క పొట్టి. నాలుగు గదులు సరిగ్గా వచ్చి ఆగుతున్నాయి. రెండు గదులు వెంట్రుకవాసి ముందే ఆగిపోతున్నాయి. అంటే గుండు గొట్టంలోకి నేరుగా పోకుండా అంచుకు ఒరుసుకుంటుంది. ఒరిసిన సీసం పక్కలకు చిమ్ముతుంది. నా మోచేతికి తగిలింది అదే. పేలని తూటా మీద గంటు మధ్యలో కాక ఒక పక్కన, లోతు లేకుండా పడింది.

అంతటితో అయిపోలేదు. గొట్టం సరిగ్గా బిగించలేదు. దాని కొసనున్న గురిచూసే ముక్క తలవాల్చినట్టు పక్కకు ఒరిగింది. జానెడు ఎడమగా తగలడం అందుకే. గొట్టానికీ తూటాల చట్రానికీ మధ్య సందు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉండాలి. మోటారు మెకానిక్కులు వాడే పల్చటి కొలత రేకులు దూర్చి చూశాడు. ఒక వైపు సరిపోయింది. రెండో వైపు ఎక్కువుంది.

"ఇవన్నీ కొనేముందే తెలుసుకోవచ్చా?" అని అడిగాను.

"రెండు నిమిషాల పని. ఖాళీ తుపాకీని తీసుకుని, దుకాణంవాణ్ణి అడిగి, సుత్తిని నెమ్మదిగా వెనక్కి లాగండి. ఆరు గదులూ ఒక్కొక్కటే గడియ పడుతున్నాయో లేదో వినండి. దీపానికెదురుగా సందు చూడండి. గొట్టం కొస మీద ముక్క నిటారుగా ఉందో లేదో చూడండి. సిగ్గుపడకండి" అన్నాడు.

బావగారు కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగు చదివిన మనిషి. గరాజులో ఆకురాళ్ళూ పట్టుకారులూ వరసగా పేర్చి ఉంటాయి. దారిపొడుగునా ఆయన చూపు చూస్తే నాకు అనుమానం వేసింది. ముసలాయనకూ వేసినట్టుంది. "ఆకురాయి ముట్టుకోకండి. పొట్టిదైన ముక్కను అరగదీస్తే పొడుగవదు. పైగా మీరు చెయ్యి పెట్టారంటే కంపెనీవాడు చేతులు దులుపుకుంటాడు. పేలని తూటా దాచండి, లోపాలన్నీ కాగితం మీద వరసగా రాయండి, బొమ్మలు తీయండి, మేం పంపిస్తాం" అన్నాడు. కంపెనీ ఈ ఊరిది కాదు, వేరే రాష్ట్రంలోది. పేరుతో మనకు పని లేదు. బావగారు ఉత్తరం రాశారు; నేను పక్కన కూర్చుని విశేషణాలు కొట్టేశాను. లోపం చెప్పే ఉత్తరంలో కోపం తగ్గినకొద్దీ బరువు పెరుగుతుంది.

జవాబుకు అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాల్లోనే నేను హార్ట్‌ఫర్డ్ చూశాను.

పెద్ద రోడ్డు మీద నగరంలోకి వస్తుంటే కనెక్టికట్ నది పక్కన ఒక విచిత్రమైన గుమ్మటం కనిపిస్తుంది. నీలిరంగు, దాని మీద బంగారు చుక్కలు, కొసన ముందుకాళ్ళెత్తిన గుర్రప్పిల్ల. రష్యాలోని చర్చిని ఎవరో ఎత్తి తెచ్చి ఇక్కడ పెట్టారా అనిపిస్తుంది. అది సామ్యూల్ కోల్ట్ తుపాకుల కర్మాగారం. 1814 లో ఈ ఊళ్ళోనే పుట్టిన కోల్ట్ 1836 లో అమెరికాలో తన రివాల్వరుకు పేటెంటు పొందాడు. 1855 లో ఇక్కడ నది ఒడ్డున పెద్ద కర్మాగారం కట్టాడు. 1862 లో, యాభయ్యేళ్ళు కూడా నిండకుండానే పోయాడు. 1864 లో కర్మాగారం తగలబడితే, ఆయన భార్య ఎలిజబెత్ పూనుకుని, గుమ్మటంతో సహా మళ్ళీ కట్టించింది. కర్మాగారం 1994 లో వేరేచోటికి తరలిపోయింది. ఇప్పుడా భవనాల్లో జనం కాపురాలుంటున్నారు. తుపాకులు బిగించిన కిటికీల్లో పూలకుండీలు చూశాను. ఆ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక ఉద్యానవనంగా చేయాలని 2014 లో చట్టం చేశారు.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే ఎలిజబెత్ తన భర్తకూ, చిన్నతనంలోనే పోయిన ముగ్గురు బిడ్డలకూ గుర్తుగా కట్టించిన చర్చి ఉంది. 1869 లో పూర్తయింది. ఎడ్వర్డ్ టకర్‌మన్ పాటర్ అనే శిల్పి నిర్మాణం. మార్క్ ట్వేన్ ఇల్లు కట్టినదీ ఆయనే. ఈ చర్చికి పనివాళ్ళు వచ్చే వాకిలి ఒకటి వేరుగా ఉంది. దాని రాతి అంచుల్లో చెక్కిన లతలు కావు, దేవతలు కారు. రివాల్వర్లు, తూటాల చట్రాలు, సుత్తులు, గుండ్లు పోతపోసే అచ్చులు! శిలువ ఉండవలసిన చోట్ల రెండు రివాల్వర్లను అడ్డంగా పేర్చి చెక్కారు.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత దసరా గుర్తొచ్చి నవ్వు ఆగింది. మనమూ ఆయుధపూజ చేస్తాం కదా! కత్తికీ కొడవలికీ, లారీ చక్రానికీ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టి దణ్ణం పెడతాం. చేతికి అన్నం పెట్టే పనిముట్టు ఎక్కడైనా దైవమే. కాని బావగారు ఆ రాతిలో చెక్కిన తూటాల చట్రాన్ని తడిమి చూస్తూ, "వీళ్ళు రాతిలో కూడా ఆరు గదులూ సమంగా చెక్కారోయ్" అన్నారు.

ఇంకోరోజు శాసనసభా భవనానికెదురుగా రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్న మ్యూజియం చూశాం. కోల్ట్ కంపెనీవారి సొంత సేకరణ అక్కడుంది. ఆ అద్దాల బీరువాల మధ్య నిలబడి బావగారికి ఓదార్పుగా ఒక పాత కథ చెప్పాను. కోల్ట్ మొదట న్యూజెర్సీలో పెట్టిన కర్మాగారం 1842 లో మూతపడింది. మెక్సికోతో యుద్ధం వచ్చి, 1847 లో వాకర్ అనే సైనికాధికారి పూనికతో ప్రభుత్వం వెయ్యి రివాల్వర్లకు ఉత్తర్వు ఇచ్చింది. కోల్ట్‌కు అప్పుడు కర్మాగారమే లేదు. విట్నీ అనే ఆయన కర్మాగారంలో చేయించాడు. ఒక్కొక్కటి రెండు కిలోల బరువు. అంత బలమైన రివాల్వరు అంతవరకు లేదు. అయితే తూటాల చట్రానికి వాడిన ఇనుము, దాన్లో పట్టే మందు ధాటికి తట్టుకోలేక చాలావాటిలో పగిలిపోయింది. మరుసటి ఏడు వచ్చిన కొత్త రకంలో చట్రాన్ని పొట్టిగా చేశారు. గదిలో మందు తక్కువ పడితే పగలడం తగ్గుతుంది గదా! ఈ ఊరి సంపదకూ ఆ గుమ్మటానికీ మూలం ఆ ఉత్తర్వే.

"అయితే నాదొక్కటే కాదన్నమాట" అన్నారు బావగారు.

"కాదు. కాని వాళ్ళకు సైన్యం తరఫున ఉత్తరాలు రాసేవాళ్ళు ఉన్నారు. మీకు నేనున్నాను" అన్నాను.

మూడో వారంలో ఉత్తరంగా పాతిక మైళ్ళ దూరంలో, పక్క రాష్ట్రంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళాం. అక్కడి ప్రభుత్వ ఆయుధశాల 1794 లో మొదలై 1968 లో మూతపడింది, ఇప్పుడు మ్యూజియం. నిలువునా పేర్చిన తుపాకుల బారు ఒకటి ఉంది. చర్చిలో వాయించే పెద్ద వాద్యం గొట్టాల్లా ఉంటుంది. కవి లాంగ్‌ఫెలో 1843 లో కొత్త పెళ్ళికూతురితో ఇక్కడికి వచ్చినప్పుడు, ఆవిడే ఆ పోలిక చెప్పిందట. ఆయన దాని మీద యుద్ధం వద్దని పద్యం రాశాడు. తుపాకుల కొట్టులో నిలబడి భార్య చెప్పిన మాట విన్న కవి. నేను ఈ ముక్క చెబుతుంటే అక్కయ్య బావగారి వైపు చూసింది. ఆయన వేరే బీరువా వైపు చూశారు.

ఆ ఆయుధశాల గొప్పతనం వేరే ఉంది. ఒక తుపాకీ ముక్క ఇంకో తుపాకీలో ఇట్టే ఇమడాలి అన్న పట్టుదల అక్కడ పెరిగింది. దానికోసం ప్రతి ముక్కకూ కొలత అచ్చులు చేశారు. ముక్క అచ్చులో సరిపోకపోతే తీసి అవతల పారెయ్యాలి. అన్నీ బిగించాక తనిఖీ చేసేవాడు చూసి, చెక్క పిడి మీద తన పేరులోని పొడి అక్షరాలు ముద్ర వేసేవాడు. బీరువా అద్దానికి ముక్కు ఆనించి చూశాను. నున్నటి చెక్క మీద చిన్న చట్రం, దాన్లో రెండు అక్షరాలు. నూరేళ్ళు దాటినా చెరగలేదు. ఆ మనిషి ఎవరో, పిల్లలెందరో మనకు తెలియదు. "ఇది నేను చూశాను" అని మాత్రం చెబుతున్నాడు.

వచ్చేటప్పుడు కారులో మేం మాట్లాడుకున్నది దాన్ని గురించే. ఇంగ్లండులో 1868 నాటి చట్టం ఒకటుంది. తుపాకీ గొట్టాన్ని మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి పరీక్షించి, తట్టుకుందని ముద్ర వేయనిదే అమ్మకూడదు. ఆ ముద్రలు వేసే బర్మింగ్‌హాం పరీక్షాశాల 1813 నుంచీ ఉంది. అమెరికాలో అటువంటి చట్టం లేదు. కంపెనీ తన సరుకు తానే పరీక్షించుకుంటుంది. ఇంకా విడ్డూరం చూడండి. వస్తువుల వల్ల జనానికి హాని కలగకుండా చూసేందుకు అక్కడ 1972 లో ఒక చట్టం చేశారు. పిల్లల ఆట తుపాకీలో లోపముంటే, ఆ చట్టం కింద ఏర్పడిన సంఘం దాన్ని బజార్నుంచి వెనక్కి తెప్పించగలదు. రొట్టెలు కాల్చే పెట్టెనూ వెనక్కి తెప్పించగలదు. నిజం తుపాకీని మాత్రం తెప్పించలేదు. చట్టం నుంచి తుపాకుల్ని అప్పుడే మినహాయించారు. దెబ్బ తగిలాక కోర్టుకు వెళ్ళే దారి ఉంది. తగలకముందు చూసుకోవలసింది కొన్నవాడే.

అంటే స్ప్రింగ్‌ఫీల్డులో ముద్ర వేసే ఆ మనిషి పని ఇప్పుడు మా బావగారి మీద పడిందన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టక నీళ్ళకోసం లేచాను. వరండాలో బావగారు ఒంటరిగా కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, లెక్క వేస్తున్నానోయ్. ఆరింటిలో రెండు తప్పు. ఆ రాత్రి అది నా చేతిలో ఉండి, ఆ రెండే నా వంతు వచ్చి ఉంటే?"

నేను జవాబు వెతుక్కుంటుంటే వెనకనుంచి అక్కయ్య గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చిందో. "మంచి గదే వచ్చి ఉంటే మాత్రం? వాడు మనవాడి ఈడువాడన్నారు మీరే. ఆ రాత్రి చేతిలో ఏమీ లేదు గనక డబ్బిచ్చి ఇంటికొచ్చారు. ఆ డబ్బు మనకిప్పుడు గుర్తయినా లేదు."

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "గంట మోగితే చేతులు వణుకుతాయే" అన్నారు చివరికి, చిన్న గొంతుతో. అక్కయ్య పక్కన కూర్చుంది. నేను నీళ్ళు తాగకుండానే లోపలికి వచ్చేశాను.

అయిదో వారంలో రివాల్వరు వచ్చింది. డబ్బు తీసుకోలేదు. పెట్టెలో చిన్న కాగితం: వేలు ముక్క మార్చాం, గొట్టం తిరిగి బిగించాం, కాల్చి పరీక్షించాం. బావగారు దీపం కింద పెట్టుకుని, ముసలాయన చెప్పినట్టే, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఒక్కొక్క గదీ తిప్పి విన్నారు. ఆరుసార్లూ గడియ పడింది. ఆదివారం వెళ్ళి యాభై తూటాలు కాల్చారు. యాభయ్యీ పేలాయి, గురి కుదిరింది. ఈసారి నేను బుద్ధిగా ఆయన వీపు వెనకే నుంచున్నాను.

ఇంటికొచ్చాక ఆయన ఆ కాగితాన్ని మళ్ళీ తీసి, వెనకా ముందూ తిప్పి చూశారు. "సంతకం లేదోయ్. ఏదో అంకె వేశారు, అంతే. ఎవరు చూశారో ఏం తెలుస్తుంది?" అన్నారు.

రివాల్వరును తాళం వేసిన ఇనప్పెట్టెలో పెట్టారు. కొట్టుకు తీసుకుపోలేదు. ఆ వారం నుంచీ కొట్టు రాత్రి పదింటికే మూస్తున్నారు. చీకటిపడ్డాక ఇద్దరు మనుషులుంటారు, గల్లాపెట్టెలో కొద్ది డబ్బే ఉంచుతారు. వ్యాపారం కొంత తగ్గుతుందని ఆయనకు తెలుసు. అక్కయ్య గెలిచానని అనలేదు, ఆయన ఓడిపోయానని అనలేదు. కాపురంలో చాలా తీర్పులు అలాగే వస్తాయి.

నేను బయల్దేరే ముందురోజు, దేవుడికి కొట్టి పంపించాలని అక్కయ్య మమ్మల్ని మనవాళ్ళ సరుకుల దుకాణానికి తీసుకెళ్ళింది. కొబ్బరికాయల బుట్ట దగ్గర బావగారు ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపారు. పెట్టేశారు. ఇంకోటి ఊపారు. అదీ పెట్టేశారు. వెనక జనం ఆగిపోయారు. నాలుగో కాయను చాలాసేపు విని, అక్కయ్య చేతికిచ్చి, "నువ్వూ ఒకసారి చూడు" అన్నారు.